సాక్ష్యం అడగని న్యాయం

గడీల నుంచి ఎన్‌కౌంటర్ల దాకా ఓరుగల్లు పల్లెలు చూసిన ‘తక్షణ న్యాయం’ ఎవరిని కాపాడింది? కోర్టు మెట్లెక్కిన కేసులు ఏం చెబుతున్నాయి?

2020 అక్టోబరు 18, ఆదివారం. మహబూబాబాద్‌లో ఇంటి దగ్గర ఆడుకుంటున్న తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి ఒకడు బండి మీద ఎక్కించుకుపోయాడు. 45 లక్షలు కావాలంటూ ఇంటర్నెట్ కాల్స్ మొదలయ్యాయి. డబ్బు సర్దుకుంటూ తల్లిదండ్రులు, జాడ వెతుకుతూ పోలీసులు నాలుగు రోజులు నిద్రపోలేదు. చివరికి కేసముద్రం వైపున్న ఒక గుట్ట మీద పిల్లవాడి శవం దొరికింది. తీసుకుపోయిన రోజే చంపేశాడు. ఫోన్లు వచ్చేనాటికి ఆ ఇంట్లో అందరూ బతిమాలుకుంటున్నది బతికి లేని బిడ్డ కోసం.

ఆ వారం మానుకోట (మహబూబాబాద్) బస్టాండులో, కేసముద్రం మార్కెట్ యార్డులో, రైలు డబ్బాల్లో ఎవరు నోరు తెరిచినా ఒకటే మాట. ‘ఇంక కోర్టుకెందుకు? దొరికినకాడ్నే కాల్చి పడెయ్యాలె.’ కోపంలో ఉన్న మనిషిని తప్పుపట్టడానికి ఈ మాట గుర్తు చేయడం లేదు. బిడ్డల్ని కన్నవాళ్లెవరికైనా ఆ కోపం వస్తుంది. రాకపోతేనే అనుమానించాలి. ఆలోచించాల్సింది ఆ కోపాన్ని ఎవరి చేతికి అప్పగిస్తున్నాం అన్నది.

నిందితుణ్ణి ఎవరూ కాల్చలేదు. కేసు నడిచింది. సాక్షులు వచ్చారు, సెల్‌ఫోన్ ఆధారాలు వచ్చాయి, నిందితుడి తరఫు వాదనా కోర్టు విన్నది. మూడేళ్లు కావస్తుండగా, 2023 సెప్టెంబరు 29న, మహబూబాబాద్ కోర్టు అతనికి మరణశిక్ష విధించింది. అలాంటి తీర్పును హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు చేయడానికి వీల్లేదు. ఉరిశిక్ష అసలు ఉండాలా అన్నది వేరే చర్చ. అది వద్దనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఆ తీర్పుకి ఒక విలువ ఉంది. ఆ పిల్లవాణ్ణి ఎవరు చంపారో, ఎలా చంపారో, ఎందుకు చంపారో కాగితం మీద, సాక్ష్యాలతో, న్యాయమూర్తి సంతకంతో తేలింది. ఎవరైనా రేపు దాన్ని తెరిచి చదవొచ్చు, తప్పుంటే పై కోర్టులో ఎత్తి చూపొచ్చు.

అదే ఓరుగల్లు ప్రాంతంలో అంతకు పన్నెండేళ్ల ముందు ఇంకో దారి పట్టిన కేసు ఒకటుంది.

మామునూరులో ఆ రాత్రి

2008 డిసెంబరు 10న వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులు కాలేజీ నుంచి ఇంటికి వెళుతుంటే వారి మీద యాసిడ్ దాడి జరిగింది. ముగ్గురు యువకుల్ని పోలీసులు అరెస్టు చేసి విలేకరుల ముందు నిలబెట్టారు. డిసెంబరు 13న ఆ ముగ్గురూ మామునూరు దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆధారాలు చూపించడానికి తీసుకెళితే ఎదురుతిరిగారు, ఆత్మరక్షణకు కాల్చాల్సి వచ్చింది అన్నది పోలీసుల మాట. రాష్ట్రమంతా పండగ చేసుకుంది. విద్యార్థులు పోలీసులకు పూలగుచ్ఛాలు ఇచ్చారు, మిఠాయిలు పంచారు.

పూలు చల్లినవాళ్లు గమనించని సంగతులు రెండున్నాయి. ఆ ముగ్గుర్నీ కాల్చేనాటికి బాధితులిద్దరూ ఆసుపత్రిలో ప్రాణాలతోనే ఉన్నారు. ఒక అమ్మాయి ఆ నెలాఖరున కన్నుమూసింది. అంటే నిందితులు చనిపోయిన రోజున చట్టం దృష్టిలో అది హత్యాయత్నం కేసు. నేరం ఇంకా పూర్తిగా లెక్క తేలకముందే శిక్ష పూర్తయింది.

ఇంకొకటి యాసిడ్. అది ఎక్కడ కొన్నారు, ఎవరు అమ్మారు, కిరాణా కొట్టులో బాత్రూములు కడిగే సీసాతోపాటు అంత ఘాటు యాసిడ్ ఎలా దొరుకుతోంది? విచారణ జరిగితే ఈ ప్రశ్నలన్నీ కోర్టులో నిలబడేవి. కాల్పులతో కేసూ మూసుకుపోయింది, ప్రశ్నలూ మూసుకుపోయాయి. వాటిని కోర్టు ముందుకు తెచ్చే పని ఢిల్లీలో యాసిడ్ దాడికి గురైన లక్ష్మి అనే యువతి చేసింది. 2006లో ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది, ఏళ్ల తరబడి తిరిగింది. 2013 జూలైలో యాసిడ్ అమ్మకాల మీద కోర్టు ఆంక్షలు పెట్టింది. కొనేవాడి గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదు. అదే ఏడాది శిక్షాస్మృతిలో యాసిడ్ దాడికి ప్రత్యేకంగా 326ఎ, 326బి సెక్షన్లు చేరాయి. ఈ దేశంలో అమ్మాయిల ముఖాలకు కాస్త రక్షణ తెచ్చింది కోర్టు వరండాలో ఓపికగా నిలబడిన ఒక బాధితురాలు. మామునూరు తుపాకులు ఒక్క సీసా యాసిడ్‌నైనా ఆపలేదు.

గడీ తీర్పులు, దళం తీర్పులు

విచారణ లేని శిక్ష ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. పాలకుర్తి, దేవరుప్పుల, విస్నూరు పల్లెల్లో ఒకప్పుడు దొర నోటి మాటే చట్టం. ఫిర్యాదు చేసేది దొర, విచారించేది దొర, శిక్ష వేసేది దొర. గడీ ముందు నిలబెట్టిన మనిషికి ‘నా మాట వినండి’ అనే హక్కు లేదు. వెట్టి ఎగ్గొట్టినవాడు దొర దృష్టిలో నీతి తప్పినవాడు. ఊరిలో చాలామందికి కూడా అది అలాగే తోచేది. తరతరాలుగా జరిగేదే ధర్మం అనుకోవడం మనుషులకు అలవాటు.

ఆ గడీని ఎదిరించినవాళ్లలో పాలకుర్తి చిట్యాల ఐలమ్మ పేరు అందరికీ తెలుసు. మల్లంపల్లి మక్తేదారు కొండలరావు దగ్గర ఆమె 40 ఎకరాలు కౌలుకు తీసుకుంది. చాకలి ఇంటి ఆడది, భూమి దున్నడమేమిటని విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్నెర్ర చేశాడు. పండిన పంట తనదేనని మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు కర్రలు పట్టుకుని చేనులో దిగారు, వడ్లు ఐలమ్మ ఇంటికి చేరాయి. ఆ తర్వాత ఆమె ఇల్లు కాల్చారు, కుటుంబాన్ని చెప్పలేనంత హింస పెట్టారు. ఈ కథను సాయుధ పోరాటానికి తొలి మెట్టుగా చెప్పుకుంటాం, సరే. అందులో కోర్టు ఒకటుందన్న సంగతి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. దేశ్‌ముఖ్ ఆమెను కోర్టుకీడ్చాడు. ఐలమ్మ తరఫున కొండా లక్ష్మణ్ బాపూజీ వాదించారు. తీర్పు ఐలమ్మ పక్షాన వచ్చింది.

నిజాం రాజ్యంలో, చదువు లేని, భూస్వామ్యం చేతిలో నలిగిన కులంలో పుట్టిన ఒక స్త్రీ కోర్టులో దేశ్‌ముఖ్‌ను ఓడించింది! ఆ కోర్టు ప్రజాస్వామ్యపు కోర్టు కాదు, ఆనాటి చట్టాలు పేదవాడి కోసం రాసినవీ కాదు. అయినా అక్కడ ఒక నియమం ఉంది. సాక్ష్యం ఏది అని అడిగారు. గడీలో ఎవరూ అడగని ప్రశ్న అది. సంఘం లేకపోతే ఆ తీర్పు కాగితంగానే మిగిలేది, నిజమే. కానీ తీర్పు రావడంతో ఆ పొలం ఐలమ్మదని దొర మనుషులు కూడా కాదనలేని స్థితి వచ్చింది. హక్కు కోసం మనుషులు కూడగట్టుకోవడం, ఆ హక్కును చట్టం చేత ఒప్పించుకోవడం రెండూ ఆమె కథలో కలిసే ఉన్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద పేలిన తుపాకీ వెనక ఉన్నది కూడా అదే గడీ. ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు తుపాకీ తీస్తాడు.

గడీలు కూలిన మూడు దశాబ్దాలకు ఈ అడవుల్లోకి, పల్లెల్లోకి నక్సలైట్ దళాలు వచ్చాయి. భూపాలపల్లి అడవుల నుంచి జనగామ మెట్ట పొలాల దాకా ఒక తరం ‘అన్నల పంచాయితీ’ చూసింది. జనం ఎందుకు వెళ్లారో అర్థం చేసుకోకుండా ఆ కాలాన్ని తేల్చేయడం అన్యాయం. తహసీలు ఆఫీసులో ఏళ్లు పట్టే గెట్టు తగాదా అక్కడ ఒక పూటలో తెగేది. పెళ్లామును కొట్టేవాడు, కూలి ఎగ్గొట్టేవాడు, వడ్డీతో పీల్చేవాడు దడిశారు. కోర్టుకు పోతే దూరం, ఖర్చు, వకీలు ఫీజు, వాయిదా. పేదవాడు దగ్గరున్న తలుపు తట్టాడు.

కానీ అన్నలు నడిపిన ఆ ప్రజాకోర్టులే ‘ఇన్‌ఫార్మర్’ అన్న ముద్రతో మనుషుల్ని చంపాయి. శవం పక్కన ఒక చీటీ. ఆ చీటీలో రాసింది నిజమా అని అడిగే చోటు లేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లోని పేదలే. పగటిపూట పోలీసు క్యాంపు, రాత్రిపూట దళం. ఎవరికి అన్నం పెట్టినా ఇంకొకరికి ద్రోహి. ‘దళానికి అన్నం పెట్టాడు’ అని ఒకరు పట్టుకుపోతే, ‘పోలీసులకు చెప్పాడు’ అని ఇంకొకరు పట్టుకుపోయారు. రెండు వైపులా ఒకటే పద్ధతి. అనుమానమే సాక్ష్యం, అనుమానించినవాడే జడ్జి.

ఈ రెంటినీ ఒకే కొలతతో కొలిచిన మనిషి ఈ నేల మీదే తయారయ్యాడు. కె. బాలగోపాల్ 1980ల మొదట్లో కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించారు, పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఊరూరా తిరిగి ఎన్‌కౌంటర్ల నిజానిజాలు సేకరించారు. ఆ సంఘం ఉపాధ్యక్షుడు, పిల్లల డాక్టరు ఎ. రామనాథంను 1985 సెప్టెంబరు 3న కాజీపేటలో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. దానికి ముందురోజు ఒక ఎస్సైని నక్సలైట్లు చంపారు. ఆ ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా ఈ హత్య జరిగింది. చిన్నపిల్లల గుండె చప్పుడు వినే డాక్టరు ఎస్సై హత్యకు జవాబు చెప్పాల్సివచ్చింది! ఆ తర్వాత బాలగోపాల్ జైలుకు వెళ్లారు, 1989లో కిడ్నాప్ అయ్యారు. ఇంత జరిగాక కూడా ఆయన నక్సలైట్ల హత్యల్ని తప్పు అనడానికి వెనకాడలేదు. ఆ భేదాభిప్రాయంతోనే పాత సంఘం వదిలి, 1998లో మానవ హక్కుల వేదికను మొదలుపెట్టినవాళ్లలో ఒకరయ్యారు. హక్కు మంచివాడికి ఇచ్చే బహుమతి అయితే, ఎవరు మంచివాడో తేల్చే అధికారం తుపాకీ ఉన్నవాడికే పోతుంది. ఆయన జీవితం నుంచి నేను తీసుకున్నది ఇది.

చటాన్‌పల్లి తర్వాత మిగిలింది

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఒక పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె దేహం కాలి దొరకడం మళ్లీ వివరించనక్కర్లేదు. లారీ డ్రైవర్లు, క్లీనర్లుగా పనిచేసే నలుగురు అరెస్టయ్యారు. డిసెంబరు 6 తెల్లవారుజామున అదే వంతెన దగ్గర నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మళ్లీ పూలు, మళ్లీ మిఠాయిలు. పదకొండేళ్ల కిందటి మామునూరును అందరూ గుర్తు చేసుకున్నారు, మెచ్చుకోలుగా.

ఆ నెల 12న సుప్రీంకోర్టు తన విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో త్రిసభ్య కమిషన్ వేసింది. 2022 మే 20న దాని నివేదిక బయటికొచ్చింది. నిందితులు తుపాకులు లాక్కుని కాల్పులు జరిపారన్న కథనం నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని కమిషన్ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లు.

ఈ చివరి వాక్యం దగ్గర ఆగాలి. మైనరు అయితే నేరం చేయడా అని అడుగుతారు. చేయొచ్చు. పదహారు నిండినవాణ్ణి ఘోర నేరాల్లో పెద్దవాడితో సమానంగా విచారించే వీలు 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఉంది కూడా, మరణశిక్ష మాత్రం లేదు. కానీ మనకు వాళ్ల వయసు కూడా తెలియకుండానే పని అయిపోయింది. స్కూలు రిజిస్టరు తిరగేసే తీరిక లేని న్యాయం, అసలు నేరం ఎవరు ఏ మేరకు చేశారో తేల్చిందని ఎలా నమ్మాలి?

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది వేరే. నిందితులు చనిపోతే విచారణ ఉండదు. ఆ అమ్మాయి హత్య కేసులో తీర్పు రాలేదు, ఇక ఎప్పటికీ రాదు. ఆమెకు ఏం జరిగిందో ఈ దేశపు ఏ న్యాయస్థానమూ సాక్ష్యం విని, నమోదు చేసి, చెప్పలేదు.

అదే వారంలో, నవంబరు 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న సామాన్లు అమ్ముకుని బతికే ఒక దళిత స్త్రీని ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. ఆ ఇంటివాళ్లూ అడిగారు: అక్కడొక న్యాయం, మాకొక న్యాయమా? ఆ ప్రశ్నలో ఉన్న నొప్పికి గౌరవం ఇవ్వాలి. ఏ కేసుకు తుపాకీ లేస్తుందో, దేనికి లేవదో టీవీ కెమెరాలు నిర్ణయిస్తున్నాయని వాళ్లకు అర్థమైంది. వాళ్లకు దక్కింది కోర్టు. ప్రత్యేక కోర్టు వేశారు, నిందితుల తరఫున కోర్టే న్యాయవాదిని పెట్టింది. 2020 జనవరి 30న ముగ్గురికీ శిక్ష పడింది. నేరానికీ తీర్పుకీ మధ్య రెండు నెలల చిల్లర.

హన్మకొండనే చూడండి. 2019 జూన్‌లో మేడ మీద తల్లిదండ్రుల పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పసిపాపను ఎత్తుకెళ్లి చంపిన కేసులో ఆగస్టు 8న, అంటే యాభై రోజుల్లో, వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. చటాన్‌పల్లి కాల్పులకు కొన్ని వారాల ముందే. చట్టం కదలదు, అందుకే కాల్చాం అనేవాళ్లకు ఇదే రాష్ట్రం ఇచ్చిన జవాబులు ఇవి. పోలీసు, ఫోరెన్సిక్ ల్యాబు, ప్రాసిక్యూటరు, జడ్జి తలుచుకుంటే కదులుతుంది.

అతను బతికి ఉండబట్టి

ఇన్ని మాటలు ఒక ఎత్తు, విజయవాడ కేసు ఒక్కటీ ఒక ఎత్తు.

2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలోని హాస్టల్లో ఆయేషా మీరా అనే ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008 ఆగస్టులో ఒక పేద యువకుణ్ణి పోలీసులు పట్టుకొచ్చి ఇతనే హంతకుడన్నారు. ఒప్పుకున్నాడని కూడా చెప్పారు. 2010లో కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా అతని యవ్వనం జైల్లో పోయింది. అతను హంతకుడు కాదని మొదట్నుంచీ గొంతెత్తింది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి తల్లి. బిడ్డను పోగొట్టుకున్న ఆ తల్లికి ఎవరో ఒకరి ప్రాణం సరిపోలేదు, నిజం కావాల్సివచ్చింది. నీతి అనే మాటకు ఈ తరంలో తెలుగునేల మీద ఇంతకంటే గొప్ప ఉదాహరణ నాకు తెలియదు.

తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టండి. మామునూరులో ముగ్గుర్ని కాల్చిన 2008 డిసెంబరులో ఈ యువకుడు కస్టడీలో ఉన్నాడు. ఆ వారం రాష్ట్రంలో వీచిన గాలికి, ‘అమ్మాయిని చంపినవాడు’ అని ముద్రపడిన అతన్ని కూడా ఏ వంతెన దగ్గరికో తీసుకుపోయి ఉంటే? మనం పూలు చల్లేవాళ్లం. ఆ పూలు ఒక నిర్దోషి శవం మీద పడ్డాయని ఎప్పటికీ తెలిసేది కాదు.

పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదని బ్రిటిష్‌వాడే 1872లో సాక్ష్యాధారాల చట్టంలో రాశాడు. ఆ ఒప్పుకోలు ఎలా రాబడతారో పాలించినవాడికి బాగా తెలుసు. కొత్తగా వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం ఉంది. ముఖానికి ముసుగేసి ప్రెస్‌మీట్‌లో నిలబెట్టగానే కేసు తేలిపోయిందని నమ్మే మనం, నూట యాభై ఏళ్ల కిందటి ఆ జాగ్రత్త కూడా పాటించడం లేదు.

జనం మెచ్చిందే నీతా?

ప్రజలు కోరుకున్నదే కదా పోలీసులు చేశారు, ప్రజాస్వామ్యంలో ప్రజాభిప్రాయం కంటే పెద్ద నీతి ఏముంటుంది అని చదువుకున్నవాళ్లు కూడా అడుగుతున్నారు. మిర్యాలగూడకు వెళ్లి చూడాలి. 2018 సెప్టెంబరు 14న, కులం తక్కువవాణ్ణి పెళ్లాడిందన్న కసితో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న యువకుణ్ణి ఆమె తండ్రి మనుషుల్ని పెట్టి నరికించాడు. ఆ తండ్రికి మద్దతుగా జనం ర్యాలీలు తీశారు. కన్నవాళ్ల పరువు పోతే ఏం చేస్తారు పాపం అని మాట్లాడినవాళ్లు తక్కువమంది కాదు. వాళ్లూ ప్రజలే. వాళ్లదీ నీతే, వాళ్ల లెక్కలో. ఇష్టపడ్డవాడితో బతికే ఆ అమ్మాయి హక్కు పక్కన ఆ రోజు నిలబడింది చట్టం. 2025 మార్చి 10న నల్గొండ ప్రత్యేక కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది.

జనం కోపం ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకారు పుట్టి తెలంగాణ ఊళ్లలో దారినపోయే బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివాళ్లను కొట్టి చంపారు. చేతబడి అనుమానంతో సొంత కులంవాళ్లే తండ్రినీ కొడుకుల్నీ పొడిచి చంపిన ఘటన 2022 జనవరిలో జగిత్యాలలో జరిగింది. కొట్టినవాళ్లంతా తాము మంచిపనే చేస్తున్నామనుకున్నారు.

1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ రాజ్యాంగ నైతికత గురించి మాట్లాడారు. అది పుట్టుకతో వచ్చే గుణం కాదని, సాధన చేసి పెంచుకోవాల్సిందని ఆయన హెచ్చరిక. ఊరి నీతి, కులం నీతి, గుంపు నీతి మనకు పుట్టగానే వస్తాయి. నాకు నచ్చనివాడి మాట కూడా వినాలన్న నీతి అలా రాదు. రాజ్యాంగం 21వ అధికరణలో ప్రాణహక్కును పౌరుడికని రాయలేదు, మనిషికని రాశారు. మంచి మనిషికని కూడా రాయలేదు.

చట్టం చేతుల్లో మరకలు

కోర్టుల మీద జనానికి నమ్మకం పోయిందంటే అది జనం తప్పు అని నేను అనను. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని ఊచకోత కోస్తే, పదహారేళ్లకు ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఢిల్లీ నిర్భయ కేసు ముగియడానికి ఏడేళ్లు దాటింది. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లకు పైనే. జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతులమంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలు. చటాన్‌పల్లి కేసులో కూడా మొదటి తప్పు స్టేషన్ గుమ్మంలోనే జరిగింది. బిడ్డ కనబడటం లేదని వచ్చిన కుటుంబాన్ని ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. ఆ రాత్రి వెంటనే కదిలి ఉంటే అన్న ప్రశ్న కాల్పుల మోతలో వినపడకుండా పోయింది. నన్నడిగితే ఎన్‌కౌంటర్ వల్ల వ్యవస్థకు దక్కిన అసలు లాభం అదే. తన వైఫల్యానికి లెక్క చెప్పే పని తప్పింది.

2009 ఫిబ్రవరి 6న, మామునూరు జరిగిన రెండు నెలలకే, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. ఎన్‌కౌంటర్లో మనిషి చనిపోతే కాల్చినవారి మీద కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది కోర్టులో రుజువు చేసుకోవాలి. పోలీసు సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది, తీర్పు ఆగింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. సీఐడీ లేదా వేరే స్టేషన్ బృందం దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి, వెంటనే పతకాలూ పదోన్నతులూ ఇవ్వకూడదు. అయిదేళ్ల తర్వాత చటాన్‌పల్లి జరిగింది. మార్గదర్శకాలు కాగితం మీద ఉన్నాయి. వాటి అమలు కోసం గట్టిగా అడిగే గొంతులే తక్కువ.

కేసముద్రంలో, మానుకోటలో, భూపాలపల్లిలో, జనగామలో ఉన్నవాళ్లు ఏం అడగాలి? 2022 జూన్ 2 నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి, జనగామ జిల్లాలకు సొంత జిల్లా కోర్టులు వచ్చాయి. ఇదివరకటిలా ప్రతి పెద్ద కేసుకూ వరంగల్ బస్సెక్కనక్కర్లేదు. ఆ కోర్టుల్లో జడ్జి ఖాళీలు, ప్రాసిక్యూటరు ఖాళీలు ఎప్పుడు నింపుతారని ఎమ్మెల్యేను అడగాలి. ఫోరెన్సిక్ నివేదిక ఎన్ని నెలలకు వస్తోందని అడగాలి. సాక్షికి రక్షణ ఉందా అని అడగాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇప్పుడు స్పష్టంగా ఉంది. ‘మా పరిధి కాదు’ అనే మాట మళ్లీ వినబడితే అది చట్టవిరుద్ధమని నిలదీయాలి.

స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు, పోలీసుల అదుపులో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. ఆ సహాయం అడిగే ఫోన్ నంబరు 15100. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. మీ తండాలో, మీ వాడలో ఎవరి పిల్లవాణ్నైనా పట్టుకుపోతే ఆ ఇంటివాళ్లకు ఈ రెండు సంగతులు చెప్పండి. బాధితురాలి ఇంటికీ చెప్పండి.